ఎడిసన్‌లో ఆఫీసు, టెక్సస్‌లో ఇద్దరు, హైదరాబాద్‌లో టీమ్: రాష్ట్రాల ఆర్‌అండ్‌డీ ట్యాక్స్ క్రెడిట్ ఎంత వస్తుంది, ఎలా అడగాలి

మీరు చెప్పిన వివరాలు ఇవి. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో సీ-కార్ప్ (లాభం మీద పన్ను తానే కట్టే కంపెనీ). ఆస్పత్రులు ఇన్సూరెన్స్ కంపెనీలకు పంపే బిల్లుల్లో తప్పులు ముందే పట్టే సాఫ్ట్‌వేర్ మీ సొంత ప్రొడక్ట్. న్యూజెర్సీలో మీతో కలిపి ఆరుగురు, టెక్సస్‌లో ఇంటినుంచి పనిచేసే డెవలపర్లు ఇద్దరు, హైదరాబాద్‌లో పద్నాలుగు మంది. అదే కంపెనీ పేరు మీద క్లయింట్ల దగ్గర కన్సల్టెంట్లను పెట్టే వ్యాపారం కూడా ఉంది. పరిశోధన ఖర్చును బట్టి కట్టాల్సిన పన్నులో నేరుగా తగ్గే మొత్తమే ఆర్‌అండ్‌డీ క్రెడిట్. కేంద్రం ఇచ్చే ఫెడరల్ క్రెడిట్ తీసుకుంటున్నారు, రాష్ట్రాలది ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడగొచ్చా అన్నది ప్రశ్న.

అడగొచ్చు. న్యూజెర్సీలో జరిగిన పనికి న్యూజెర్సీ ఇస్తుంది, టెక్సస్‌లో జరిగిన పనికి టెక్సస్ ఇస్తుంది. హైదరాబాద్ ఖర్చుకు ఎవరూ ఇవ్వరు. కన్సల్టింగ్ వైపు నుంచి దాదాపు ఏమీ రాదు. ఫెడరల్ లెక్కలో అమెరికా అంతా ఒకటే కాబట్టి ఎవరు ఎక్కడ కూర్చున్నారో పట్టించుకోనవసరం లేదు. రాష్ట్రం దగ్గరికి వచ్చేసరికి మొదటి ప్రశ్నే అది. అందుకే ఫెడరల్ వర్క్‌షీట్‌ను తీసుకుని ఉద్యోగుల సంఖ్యను బట్టి పంచేసి రాష్ట్రానికి పెడితే ఆడిట్‌లో నిలబడదు. ప్రతి మనిషికీ, ప్రతి నెలకీ, పని ఎక్కడ జరిగిందో విడిగా తేల్చాలి.

ముందు ఏ పని అర్హమో చూద్దాం. దాదాపు అన్ని రాష్ట్రాలూ ఫెడరల్ పన్ను చట్టంలో ఈ క్రెడిట్‌కు సంబంధించిన సెక్షన్ 41 నిర్వచనాన్నే వాడతాయి. అందులో నాలుగు పరీక్షలు ఉన్నాయి. పని కొత్త లేదా మెరుగైన ప్రొడక్ట్ కోసమో, ప్రాసెస్ కోసమో జరగాలి. అది కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్, భౌతిక లేదా జీవశాస్త్రాల మీద ఆధారపడాలి. మొదలుపెట్టేటప్పుడు ఇది చేయగలమా, ఎలా చేయాలి, డిజైన్ ఎలా ఉండాలి అన్నవాటిలో ఏదో ఒకటి తేలకుండా ఉండాలి. ఆ సందేహాన్ని తీర్చడానికి రెండు మూడు మార్గాలు ఆలోచించి, పరీక్షించి, పనికిరానివి వదిలేసే క్రమం ఉండాలి. నాలుగో పరీక్ష దగ్గరే ఎక్కువ క్లెయిములు కూలిపోతాయి. మీ ప్రొడక్ట్‌లో బిల్లు తిరస్కరణను ముందే అంచనా వేసే మోడల్, వేర్వేరు ఇన్సూరెన్స్ కంపెనీల నియమాలను ఒకే ఇంజిన్‌లోకి తేవడం, లక్షల బిల్లులను నిమిషాల్లో ప్రాసెస్ చేసే ఆర్కిటెక్చర్ లాంటివి బాగా నిలుస్తాయి. స్క్రీన్ రంగులు మార్చడం, ఒక ఆస్పత్రి అడిగిందని రిపోర్ట్ ఫార్మాట్ మార్చి ఇవ్వడం, విడుదలైన తర్వాత రోజువారీ బగ్గులు సరిచేయడం, మార్కెట్ సర్వే, యూజర్ ట్రైనింగ్ అర్హం కావు. ప్రొడక్ట్ మొత్తం పరీక్ష దాటకపోతే కిందికి దిగి, దాటే మాడ్యూల్ వరకు తీసుకోవచ్చు. నియమాల్లోనే ఆ వెసులుబాటు ఉంది. దాన్ని వాడుకోండి, ప్రొడక్ట్ మొత్తాన్ని అర్హంగా చూపించాలని పట్టుబట్టకండి.

మీరు సొంతంగా కట్టుకున్న టైమ్‌షీట్ టూల్, బిల్లింగ్ టూల్ లాంటివి కంపెనీ లోపలి వాడకం సాఫ్ట్‌వేర్ కిందికి వస్తాయి. వాటికి అదనంగా ఇంకో మూడు షరతులు ఉన్నాయి. గణనీయమైన కొత్తదనం ఉండాలి, పెద్ద ఆర్థిక రిస్కు ఉండాలి, అలాంటిది బజారులో దొరకకూడదు. మీ సైజు కంపెనీ లోపలి టూల్‌తో ఆ గడప దాటడం కష్టం, వాటిని లెక్కలోంచి తీసేయండి. ఆస్పత్రులకు అమ్మే ప్రొడక్ట్ మాత్రం ఈ కోవలోకి రాదు.

ఇక కన్సల్టింగ్. మన వాళ్ల కంపెనీలు చాలావాటిలో ఆదాయంలో పెద్ద వాటా ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ఇంకొకరి డబ్బుతో జరిగే పరిశోధనకు క్రెడిట్ ఉండదు. అది ఎవరి డబ్బు అన్నది తేల్చడానికి కోర్టులు కాంట్రాక్టును రెండు వైపుల నుంచి చూస్తాయి. పని విఫలమైతే నష్టం ఎవరిది? ఫలితం మీద వాడుకునే హక్కు మీకు ఉందా? ఫెయిర్‌చైల్డ్ కేసు 1995లో మొదటిదాన్ని, లాక్‌హీడ్ మార్టిన్ కేసు 2000లో రెండోదాన్ని తేల్చాయి. గంటకు ఇంత అని బిల్లు చేసే కాంట్రాక్టులో కన్సల్టెంట్ రాసిన కోడ్ పనిచేసినా, చేయకపోయినా గంటల డబ్బు మీకు వస్తుంది. కాబట్టి నష్టం క్లయింట్‌ది, క్రెడిట్ మీకు లేదు. గంటల రేటుకు పైన ఒక పరిమితి పెట్టినా అంతే. 2015లో జియోసింటెక్ కేసులో పదకొండో సర్క్యూట్ అప్పీలు కోర్టు పరిమితి ఉన్న అలాంటి కాంట్రాక్టులను కూడా క్లయింట్ డబ్బుతో నడిచినవిగానే చూసింది, ఫిక్స్‌డ్ ప్రైస్ (మొత్తం ముందే తేల్చిన) వాటిని కింది కోర్టు అంతకుముందే ఒప్పుకుంది. మీ ఫైల్లో ఫిక్స్‌డ్ ప్రైస్ ప్రాజెక్టులు ఉంటే ఒక్కో కాంట్రాక్టు తెరిచి మూడు క్లాజులు చదవండి: డబ్బు ఎప్పుడు చెల్లించాలి, క్లయింట్ ఆమోదించకపోతే ఏమవుతుంది, మేధో హక్కులు ఎవరివి. హక్కులన్నీ క్లయింట్‌కు రాసిచ్చేసి, మళ్లీ వాడుకునే హక్కు కూడా మీ దగ్గర లేకపోతే ఫిక్స్‌డ్ ప్రైస్ అయినా ఆ ప్రాజెక్టును వదిలేయండి.

హైదరాబాద్ సంగతి. సెక్షన్ 41 ప్రకారం పరిశోధన అమెరికా నేల మీద జరగాలి. డబ్బు ఏ అకౌంట్ నుంచి వెళ్లింది, సబ్సిడరీ ఎవరిది, కోడ్ హక్కులు ఎవరివి అన్నవాటికి ఇక్కడ విలువ లేదు. దీనిలోనే ఎక్కువమంది చూడని ఇంకో భాగం ఉంది. ఇక్కడ డబ్ల్యూ-2 (కంపెనీ ఏటా ఇచ్చే జీతం ఫామ్) మీద ఉన్న ఉద్యోగి వీసా స్టాంపింగ్‌కనో, ఇంట్లో పెళ్లికనో ఇండియా వెళ్లి ఆరు వారాలు అక్కడినుంచే పనిచేస్తే ఆ ఆరు వారాల జీతం కూడా పోతుంది. జీతం న్యూజెర్సీ పేరోల్‌లోనే ఉన్నా పని అక్కడ జరిగింది కదా. సెలవు రికార్డు, ప్రయాణం తేదీలు ముందే తీసి ఆ భాగం తగ్గించండి. ఆడిటర్‌కు గిట్ కమిట్ల (కోడ్ మార్పుల రికార్డుల) టైమ్‌స్టాంపులు ఇచ్చేది మీరే, వాటిలో ఇండియా టైమ్ జోన్ కనిపిస్తే మిగతా లెక్క మీద కూడా అనుమానం మొదలవుతుంది.

రాష్ట్రాల మధ్య కూడా ఇదే సూత్రం, ఇంకొంచెం చిక్కుగా. విత్‌హోల్డింగ్ (జీతంలోంచి కంపెనీ ముందే పట్టుకుని కట్టే పన్ను) ఏ రాష్ట్రానికి వెళ్తోందో చూసి పని అక్కడే జరిగిందని అనుకోకండి. మీ న్యూజెర్సీ ఉద్యోగి ఒకరు పెన్సిల్వేనియాలో ఉంటారనుకుందాం. ఆ రెండు రాష్ట్రాల ఒప్పందం వల్ల వారు రోజూ ఎడిసన్ వచ్చి పనిచేసినా విత్‌హోల్డింగ్ పెన్సిల్వేనియాకే వెళ్లొచ్చు. కానీ పని న్యూజెర్సీలో జరిగింది, ఆ జీతం న్యూజెర్సీ క్రెడిట్‌కే చెందుతుంది. న్యూయార్క్‌ది దీనికి ఎదురు. అక్కడి కంపెనీ ఉద్యోగి సొంత సౌకర్యం కోసం న్యూజెర్సీ ఇంటినుంచి పనిచేస్తే న్యూయార్క్ పన్ను పట్టొచ్చు, పరిశోధన జరిగింది మాత్రం న్యూజెర్సీలో. హైబ్రిడ్ వాళ్లకు ఆఫీసు బ్యాడ్జ్ రికార్డో, మేనేజర్ ధ్రువీకరించిన వారం షెడ్యూలో ఉంటే సరిపోతుంది. ఏమీ లేకపోతే ఆ మనిషి విషయంలో తక్కువ వైపు అంచనా వేయండి.

ఇప్పుడు ఖర్చుల లెక్క. ప్రధానమైనది జీతం. డబ్ల్యూ-2లో బాక్స్ 1లోని మొత్తమే ఆధారం. ఉద్యోగి 401-కే రిటైర్మెంట్ ఖాతాలో పన్నుకు ముందు వేసుకున్న డబ్బు బాక్స్ 1లో ఉండదు కాబట్టి లెక్కలోకి రాదు. కంపెనీ కట్టే హెల్త్ ఇన్సూరెన్స్, కంపెనీ వాటా పేరోల్ పన్ను కూడా రావు. బోనస్ వస్తుంది. పరిశోధన చేసేవాళ్లు, వాళ్లను నేరుగా పర్యవేక్షించేవాళ్లు, నేరుగా సాయపడేవాళ్లు, ఈ మూడు రకాల సమయమే తీసుకోవాలి. ఒక మనిషి సమయంలో కనీసం 80 శాతం అర్హమైన పని అయితే 100 శాతంగా తీసుకోవచ్చు. 79 శాతం అయితే 79 శాతమే.

మీ పరిస్థితికి దగ్గరగా ఒక లెక్క వేస్తాను, అంకెలు ఉదాహరణకే. న్యూజెర్సీలో ఇద్దరు ఇంజినీర్లకు తలా 1,40,000 డాలర్లు, టెక్ లీడ్‌కు 1,60,000. ముగ్గురూ 80 శాతం దాటినవాళ్లు, మొత్తం 4,40,000. క్యూఏ (నాణ్యత పరీక్షించే) ఇంజినీర్‌కు 90,000 జీతం, 60 శాతం పని కొత్త మాడ్యూళ్ల టెస్టింగ్, అంటే 54,000. మీ జీతం 1,80,000, అందులో ఆర్కిటెక్చర్ నిర్ణయాలు, డిజైన్ రివ్యూలు 30 శాతం, అంటే ఇంకో 54,000. సేల్స్ మనిషికి సున్నా. ప్రిన్స్‌టన్‌లో ఉండే ఒక 1099 కాంట్రాక్టర్‌కు (ఉద్యోగి కాకుండా విడిగా పనిచేసే మనిషికి) 80,000 ఇచ్చారు. కాంట్రాక్ట్ ఖర్చులో 65 శాతమే తీసుకోవాలి, అంటే 52,000. అన్నీ కలిపి న్యూజెర్సీ అర్హ ఖర్చు 6,00,000.

కాంట్రాక్టర్ విషయంలో మూడు షరతులు. ఒప్పందం పని మొదలుకాకముందే రాసి ఉండాలి. పని ఫలించినా ఫలించకపోయినా డబ్బు ఇవ్వాల్సింది మీరే అయ్యుండాలి. ఫలితం మీద హక్కు మీకు ఉండాలి. పని పూర్తయి బాగుంటేనే చెల్లిస్తాం అనే ఒప్పందమైతే రిస్కు కాంట్రాక్టర్‌ది అవుతుంది, క్రెడిట్ వారిది. మీ క్లయింట్ల విషయంలో ఏ సూత్రం మీకు అడ్డొచ్చిందో ఇక్కడ అదే సూత్రం మీకు అనుకూలంగా పనిచేయాలంటే గంటల రేటు ఒప్పందమే మేలు.

క్లౌడ్ అద్దె గురించి చాలామంది అడుగుతారు. డెవలప్‌మెంట్, టెస్టింగ్ ఎన్విరాన్‌మెంట్లకు కట్టిన అద్దె ఫెడరల్ లెక్కలో వస్తుంది. కస్టమర్లు వాడే ప్రొడక్షన్ సర్వర్లది రాదు. అకౌంట్లు విడిగా లేదా ట్యాగులతో వేరు చేసి పెట్టకపోతే రెండూ కలిసిపోయి ఏదీ నిరూపించలేరు. రాష్ట్రం లెక్కలో ఇంకో ప్రశ్న వస్తుంది: సర్వర్ వర్జీనియాలో ఉంటే ఆ ఖర్చు న్యూజెర్సీది ఎలా అవుతుంది? ఆ రాష్ట్రం సూచనల్లో స్పష్టంగా అనుమతి కనిపించకపోతే నేనైతే రాష్ట్రం క్లెయిమ్‌లో పెట్టను. మీ లెక్కలో అది చిన్న మొత్తం, దానికోసం మిగతా ఆరు లక్షలను ప్రశ్నల్లోకి లాగడం తగదు.

తర్వాత బేస్. ఏటా చేసే ఖర్చు మొత్తానికీ క్రెడిట్ రాదు, ఒక స్థాయికి మించిన ఖర్చుకే వస్తుంది. న్యూజెర్సీలో మించిన మొత్తం మీద 10 శాతం. ఫామ్ 306లో వేస్తారు. రెగ్యులర్ పద్ధతిలో బేస్ అంటే గత నాలుగేళ్ల సగటు ఆదాయాన్ని ఒక శాతంతో గుణించగా వచ్చేది. కొత్త కంపెనీకి మొదటి ఐదు పరిశోధన సంవత్సరాలు ఆ శాతం 3. కానీ బేస్ ఎప్పుడూ ఈ ఏటి ఖర్చులో సగానికి తక్కువ ఉండకూడదు. మీ సగటు ఆదాయం 24 లక్షల డాలర్లు అనుకుంటే 3 శాతం 72,000. ఖర్చులో సగం 3,00,000, ఇదే పెద్దది, కాబట్టి ఇదే బేస్. మించినది 3,00,000. క్రెడిట్ 30,000 డాలర్లు.

ఇక్కడ కన్సల్టింగ్ వ్యాపారం మళ్లీ తగులుతుంది. దాని ఆదాయం కూడా సగటులో కలుస్తుంది. సగటు 15 మిలియన్ అయితే 3 శాతం 4,50,000, సగం కంటే ఎక్కువ, మించినది 1,50,000 మాత్రమే, క్రెడిట్ 15,000కు పడిపోతుంది. అంటే ఒక్క డాలరు అర్హ ఖర్చు కూడా ఇవ్వని వ్యాపారం మీ క్రెడిట్‌ను సగం చేసేస్తుంది. రెండు వ్యాపారాలకు రెండు కంపెనీలు పెడితే తప్పించుకోవచ్చా అంటే, కుదరదు. ఒకే యాజమాన్యం కింద సగానికి పైగా ఉన్న కంపెనీలన్నిటినీ సెక్షన్ 41 ఒకే పన్నుదారుగా కలిపి లెక్కిస్తుంది. వేరే కారణాలకు కంపెనీలను విడగొట్టడం మంచిదే కావచ్చు, ఈ కారణానికి మాత్రం ఖర్చు పెట్టకండి.

వచ్చిన 30,000 ఒకే ఏడాది వాడుకోగలరా? న్యూజెర్సీలో క్రెడిట్ ఆ ఏటి కార్పొరేషన్ పన్నులో సగాన్ని మించి తగ్గించదు, కనీస పన్ను కిందికి కూడా దించదు. పన్ను వేసే లాభం 4,00,000 అయితే 9 శాతం చొప్పున 36,000 పన్ను. అందులో సగం 18,000 ఈ ఏడాది వాడుకుంటారు, మిగిలిన 12,000 ఏడేళ్ల వరకు ముందుకు తీసుకెళ్లొచ్చు. ఎస్-కార్ప్ (లాభం మీద పన్ను షేర్‌హోల్డర్లు కట్టే కంపెనీ) పెట్టుకున్న మిత్రులు ఇది చదువుతుంటే ఒక మాట: న్యూజెర్సీలో ఈ క్రెడిట్ షేర్‌హోల్డర్ల వ్యక్తిగత పన్నుకు దిగదు. ఎస్-కార్ప్ కట్టేది కనీస పన్నే కాబట్టి అక్కడ దీనివల్ల ఉపయోగం ఉండదు. కాలిఫోర్నియాలో అలా కాదు. అక్కడ ఎస్-కార్ప్ తన 1.5 శాతం పన్ను మీద క్రెడిట్‌లో మూడో వంతు వాడుకోవచ్చు, షేర్‌హోల్డర్లకు పూర్తి మొత్తం దిగుతుంది.

న్యూజెర్సీ క్రెడిట్ అడగడానికి ఇంకో బలమైన కారణం ఉంది. 2022 నుంచి ఫెడరల్ చట్టం దేశీయ పరిశోధన ఖర్చును ఐదేళ్ల మీద పంచమంది, విదేశీ ఖర్చును పదిహేనేళ్ల మీద. 2025 జులై 4న సంతకమైన చట్టంతో దేశీయ ఖర్చుకు 2025 నుంచి మళ్లీ ఒకేసారి తగ్గింపు వచ్చింది. హైదరాబాద్ ఖర్చుకు పదిహేనేళ్లు అలాగే ఉన్నాయి. న్యూజెర్సీ మాత్రం 2023లో చేసిన చట్టంలో, తన ఆర్‌అండ్‌డీ క్రెడిట్ తీసుకున్న ఖర్చులను 2022 నుంచే రాష్ట్ర రిటర్న్‌లో అదే ఏడాది పూర్తిగా తగ్గించుకోనిస్తోంది. అంటే 2022, 2023, 2024లలో క్రెడిట్ అడగని కంపెనీ క్రెడిట్‌తోపాటు ఆ తగ్గింపును కూడా వదిలేసింది. మీ పాత రిటర్న్‌లు ముందు ఈ కోణంలో చూడమని మీ సీపీఏని (లైసెన్సున్న అకౌంటెంట్‌ని) అడగండి. చాలా సందర్భాల్లో ఈ తగ్గింపు విలువే క్రెడిట్ కంటే ఎక్కువ.

లాభం లేని కంపెనీ అయితే న్యూజెర్సీలో ఇంకో దారి ఉంది, మిగతా రాష్ట్రాలవాళ్లు అసూయపడే దారి. ఎకనమిక్ డెవలప్‌మెంట్ అథారిటీ నడిపే ట్యాక్స్ సర్టిఫికెట్ బదిలీ పథకం కింద నష్టాలనూ, వాడని ఆర్‌అండ్‌డీ క్రెడిట్లనూ లాభాల్లో ఉన్న వేరే కంపెనీకి కనీసం 80 శాతం విలువకు అమ్ముకోవచ్చు. అమ్మిన డబ్బు నగదుగా వస్తుంది. టెక్నాలజీ లేదా బయోటెక్ కంపెనీ అయ్యుండాలి, అమెరికాలో ఉద్యోగులు 225 కంటే తక్కువ ఉండాలి, మేధో సంపత్తి మీ సొంతమో లైసెన్సో అయ్యుండాలి. న్యూజెర్సీలో పూర్తికాలం ఉద్యోగులు కంపెనీ వయసును బట్టి మూడేళ్ల లోపు ఒకరు, మూడు నుంచి ఐదేళ్లకు ఐదుగురు, ఐదేళ్లు దాటితే పదిమంది ఉండాలి. దరఖాస్తుకు గడువు జూన్ 30. కన్సల్టింగ్ లాభాలు కలిసిన కంపెనీగా మీకు ఇది ఇప్పుడు అందదు, ప్రొడక్ట్ ఒక్కటే ఉన్న కంపెనీలు మాత్రం దీన్ని వదులుకోకూడదు.

టెక్సస్‌కు వద్దాం. అక్కడ ఉద్యోగి ఇంటినుంచి పనిచేస్తున్నా మీకు ఆ రాష్ట్రంతో పన్ను సంబంధం ఏర్పడుతుంది, ఫ్రాంచైజ్ పన్ను (టెక్సస్ వ్యాపారాల మీద వేసే పన్ను) రిపోర్ట్ మే 15కి వేయాలి. ఈ రిపోర్టే ఇప్పటిదాకా వేయకపోతే క్రెడిట్ సంగతి తర్వాత, ముందు అది సరిదిద్దండి. 2025లో చేసిన చట్టం 2026 రిపోర్టుల నుంచి క్రెడిట్‌ను మార్చింది. టెక్సస్‌లో జరిగిన అర్హ ఖర్చులోంచి, గత మూడేళ్ల సగటులో సగం తీసేసి, మిగిలినదానికి 8.722 శాతం. గత మూడేళ్లలో ఏ ఒక్క ఏడాదైనా ఖర్చు లేకపోతే 4.361 శాతం. టెక్సస్ యూనివర్సిటీతో కాంట్రాక్టు ఉంటే రేట్లు ఇంకా ఎక్కువ. ఇద్దరు డెవలపర్ల జీతం 2,40,000, గత మూడేళ్ల సగటు 2,00,000 అనుకుంటే సగం 1,00,000 తీసేయగా 1,40,000. దాని మీద క్రెడిట్ 12,211 డాలర్లు. ఇది ఆ ఏటి ఫ్రాంచైజ్ పన్నులో సగం మించదు, మిగిలినది ఇరవై ఏళ్లు నిలుస్తుంది. మొత్తం ఆదాయం పరిమితి లోపు ఉండి పన్నే లేని కంపెనీకి కొత్త చట్టం కింద ఆ డబ్బు తిరిగి ఇస్తారు. 2026, 2027 రిపోర్టులకు ఆ పరిమితి 2.65 మిలియన్ డాలర్లు. మీ ఆదాయం ఆ చుట్టుపక్కలే ఉంటే ఇది జాగ్రత్తగా చూడాల్సిన గీత.

టెక్సస్ విషయంలో రెండు జాగ్రత్తలు. కొత్త చట్టం టెక్సస్ ఖర్చును ఫెడరల్ క్రెడిట్ అడిగే ఫామ్ 6765లో చూపించిన మొత్తానికి ముడిపెట్టింది. ఫెడరల్‌లో వదిలేసినదాన్ని టెక్సస్‌లో తీసుకోలేరు. రెండోది, అక్కడి నియమాల ప్రకారం రుజువు భారం చాలా బరువైనది: క్రెడిట్‌కు అర్హత ఉందని స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యంతో చూపించాలి. మేనేజర్ గుర్తుపెట్టుకుని చెప్పిన శాతాలు ఒక్కటే సరిపోవు.

మిగతా రాష్ట్రాలవాళ్లకు క్లుప్తంగా. కొన్ని రాష్ట్రాల్లో రిటర్న్‌తోపాటు ఫామ్ పెడితే చాలు. మరికొన్నింట్లో ముందే విడిగా దరఖాస్తు చేయాలి, రాష్ట్రం ఏటా పెట్టుకున్న మొత్తాన్ని అందరికీ పంచుతుంది. రెండో రకంలో గడువు దాటితే ఆ ఏటి డబ్బు పూర్తిగా పోయినట్టే, సవరణ రిటర్న్ వేసినా రాదు. పెన్సిల్వేనియాలో దరఖాస్తు ఆగస్టు 1 నుంచి డిసెంబర్ 1 మధ్య, ఏడాదికి మొత్తం 60 మిలియన్, అందులో 12 మిలియన్ చిన్న కంపెనీలకు. అక్కడ చిన్న కంపెనీకి రేటు 20 శాతం, మిగతావాళ్లకు 10, అయితే దరఖాస్తులు ఎక్కువైతే వాటా కోత పడుతుంది. వాడుకోలేని క్రెడిట్‌ను అమ్ముకోవచ్చు. మేరీల్యాండ్‌కు నవంబర్ 15, వర్జీనియాకు సెప్టెంబర్ 1. మిషిగన్ 2025 ఖర్చుల నుంచి కొత్తగా మొదలుపెట్టింది. 250 మంది కంటే తక్కువ ఉన్న కంపెనీకి బేస్ వరకు 3 శాతం, ఆపైన 15 శాతం, గరిష్ఠం 2,50,000. ముందస్తు క్లెయిమ్ మొదటి ఏడాదికి 2026 ఏప్రిల్ 1, తర్వాత నుంచి మార్చి 15. జార్జియాలో ఫెడరల్ క్రెడిట్ తీసుకున్నవాళ్లకే ఇస్తారు. పన్నులో సగం వరకు వాడుకుని, మిగిలినదాన్ని ఉద్యోగుల విత్‌హోల్డింగ్‌లో సర్దుకోవచ్చు. దానికి ఐటీ-డబ్ల్యూహెచ్ ఫామ్ రిటర్న్ వేసిన 30 రోజుల్లోపు వెళ్లాలి. అట్లాంటా చుట్టుపక్కల చిన్న కంపెనీలకు ఈ విత్‌హోల్డింగ్ సర్దుబాటే అసలు విలువ. కాలిఫోర్నియాలో 15 శాతం, ఫామ్ 3523, మిగిలినది ఎన్నేళ్లయినా నిలుస్తుంది. అక్కడ 2025 నుంచి సులభ పద్ధతి కూడా వచ్చింది, రేటు 3 శాతమే కాబట్టి పాత ఆదాయం లెక్కలు దొరకనివాళ్లకే అది ఉపయోగం. 2024 నుంచి 2026 వరకు ఏడాదికి 5 మిలియన్ల క్రెడిట్ పరిమితి ఉంది, మన చిన్న కంపెనీలకు అది తగలదు.

రికార్డుల గురించి ఇంత పట్టుబట్టడానికి కోర్టు తీర్పులే కారణం. సీమర్ మిల్లింగ్ కేసు 2019లో పోయింది. పిండి మిల్లు పరీక్షలు చేసింది నిజమే, కానీ ఏ సందేహంతో మొదలుపెట్టారు, ఏ ప్రత్యామ్నాయాలు చూశారు, ఎలా తేల్చారు అన్నది కాగితం మీద లేదు. లిటిల్ శాండీ కోల్ కేసులో 2023లో ఏడో సర్క్యూట్ కోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. ప్రాజెక్టులోని పనిలో కనీసం 80 శాతం ప్రయోగ క్రమంలో భాగమని ఉద్యోగుల పని లెక్కతో చూపించాలంది, అంచనాలు కాదంది. మూర్ కేసులో అదే ఏడాది కంపెనీ ఉన్నతాధికారి జీతం క్లెయిమ్ పోయింది, ఆయన పరిశోధనను నేరుగా పర్యవేక్షించారనడానికి సమయం రికార్డు లేకపోవడంతో. పైన నేను వేసిన మీ 30 శాతం కూడా సరిగ్గా అలాంటిదే. డిజైన్ రివ్యూ మీటింగుల క్యాలెండర్, అందులో మీరు రాసిన వ్యాఖ్యలు, నిర్ణయం నోట్సు ఉంటేనే ఆ 54,000 పెట్టండి.

మీ టీమ్ ఇప్పటికే జీరా (పనుల టికెట్లు రాసుకునే టూల్), గిట్ వాడుతోంది కాబట్టి కొత్త వ్యవస్థ అక్కర్లేదు. ప్రతి మాడ్యూల్‌కు మొదట్లోనే ఒక పేజీ రాయించండి: ఏం సాధించాలి, సాంకేతికంగా ఏది తెలియదు, ఏ రెండు మూడు మార్గాలు చూడబోతున్నాం. పని నడిచేటప్పుడు టికెట్లకు మూడు లేబుళ్లు చాలు: కొత్త అభివృద్ధి, నిర్వహణ, క్లయింట్ మార్పు. విఫలమైన బ్రాంచులను తొలగించకండి, ప్రయోగం జరిగిందనడానికి అవే సాక్ష్యం. మూడు నెలలకోసారి ప్రతి ఇంజినీర్ తన సమయాన్ని మాడ్యూళ్లవారీగా శాతాల్లో రాసి, మేనేజర్ సంతకం పెట్టాలి, పక్కనే ఏ రాష్ట్రంలో పనిచేశారో ఒక కాలమ్ ఉండాలి. ఏడాది చివర్లో ఒకేసారి అందరికీ 90 శాతం అని నింపిన షీట్ ఏ ఆడిటర్ అయినా మొదటి పది నిమిషాల్లో పట్టేస్తాడు. ఫామ్ 6765లో మాడ్యూళ్లవారీ వివరాలు 2026 పన్ను సంవత్సరం నుంచి తప్పనిసరి అవుతున్నాయి. అర్హ ఖర్చు 1.5 మిలియన్, ఆదాయం 50 మిలియన్ మించని కంపెనీకి ఒరిజినల్ రిటర్న్‌లో మినహాయింపు ఉంది. మీరు ఆ మినహాయింపులో ఉన్నా, రాష్ట్రం అడిగితే ఇవే వివరాలు ఇవ్వాలి.

పని వరుస ఇలా పెట్టుకోండి. ముందు ఉద్యోగుల పట్టిక: పేరు, బాక్స్ 1, పని రకం, నెలవారీగా పని జరిగిన చోటు. తర్వాత మాడ్యూళ్ల జాబితా, ఒక్కోదానికి నాలుగు పరీక్షల మీద నాలుగు వాక్యాలు. ఆ రెండిటినీ కలిపితే అర్హ ఖర్చు వస్తుంది. దాన్ని ముందు ఫెడరల్ 6765తో సరిపోల్చండి. రెండు రాష్ట్రాల మొత్తం ఫెడరల్ మొత్తాన్ని దాటితే ఎక్కడో తప్పు ఉంది. ఆ తర్వాతే ఫామ్ 306, టెక్సస్‌కు 05-178 షెడ్యూల్ నింపాలి. పాత సంవత్సరాలకు న్యూజెర్సీలోనూ టెక్సస్‌లోనూ రిఫండ్ కోరే గడువు సాధారణంగా నాలుగేళ్లు. టెక్సస్ పాత రిపోర్టులకు మాత్రం పాత రేటు 5 శాతమే వర్తిస్తుంది. పాత ఏళ్లకు వెళ్లేముందు ఆ కాలంలో రికార్డులు నిజంగా ఉన్నాయా చూడండి. గిట్ చరిత్ర, ఈమెయిళ్లు, డిజైన్ డాక్యుమెంట్లు ఉన్న ఏడాదికే అడగండి.

క్రెడిట్ తెచ్చిపెడతాం, వచ్చినదాంట్లో పాతిక శాతం ఇవ్వండి అనే సంస్థల నుంచి మీకు ఫోన్లు వస్తూనే ఉంటాయి. వాళ్ల ఆసక్తి మొత్తం పెద్దదిగా చూపించడంలోనే ఉంటుంది, ఆడిట్‌లో జరిమానా, వడ్డీ కట్టేది మీరు. ఎవరితో వెళ్లినా ఒప్పందంలో నాలుగు విషయాలు రాయించుకోండి: ఫీజు గంటలకో స్థిర మొత్తానికో ఉండాలి, రిపోర్టులో మాడ్యూళ్లవారీ వివరణ ఇవ్వాలి, ఆడిట్ వస్తే చివరిదాకా అదే ఫీజులో నిలబడాలి, లెక్కించిన వర్క్‌షీట్లు మీకు అప్పగించాలి. నాలుగోది ఒప్పుకోని సంస్థను వదిలేయండి. మూడేళ్ల తర్వాత ఆడిటర్ అడిగేది ఆ వర్క్‌షీట్లనే.